ఏ రుతువుకు ఆ పూలు

తెలుగునాట పూల అలంకారం నెలనెలా మారుతుంది. ఉగాదికి గుమ్మానికి మామిడాకు, వేసవిలో జడకు మల్లెలు, వినాయక చవితికి పత్రి, దసరాకు బంతి, తంగేడు, ధనుర్మాసంలో గొబ్బెమ్మల మీద గుమ్మడి పూలు. ఆయా రోజుల్లో పెరట్లో, పొలం గట్టున, చెరువు ఒడ్డున దొరికే వాటితోనే ఇవన్నీ రూపుదిద్దుకున్నాయి. పువ్వుకు కాడ ఎంత ఉంది, కోశాక ఎన్ని గంటలు నిలుస్తుంది, వాసన ఉందా, ఎండినా రంగు నిలుస్తుందా అన్నవి చూసే దాన్ని కట్టాలో, గుచ్చాలో, పేర్చాలో, నీళ్లలో తేల్చాలో పెద్దలు నిర్ణయించుకున్నారు. ఈ లెక్క తెలిస్తే ఇంట్లో పూలు అమర్చడానికి ఖరీదైన సామగ్రి అక్కర్లేదు.

స్థానికమైన పువ్వు అంటే ఇక్కడే పుట్టిన పువ్వు అని కాదు. బంతి, లిల్లీ అని పిలుచుకునే నేల సంపెంగ మెక్సికో నుంచి వచ్చినవే. ఇక్కడి మట్టిలో, ఇక్కడి వానకు పెరిగి, కోసిన పూటే ఇంటికి చేరేది స్థానికమైన పువ్వు. జెర్బెరా, కార్నేషన్ వంటివి పాలీహౌస్‌లలో పెరిగి, చల్లని పెట్టెల్లో ఏడాది పొడవునా వస్తాయి. వాటితో ఏ నెలలో చేసినా అలంకారం ఒకేలా ఉంటుంది. పెరటి పువ్వుతో చేసింది ఆ నెలను గుర్తుచేస్తుంది.

పూతకు కాలమెందుకు?

మొక్క పూసే వేళను పగటి నిడివి, వేడి, తేమ నిర్ణయిస్తాయి. చామంతి రాత్రులు పొడవైతేనే మొగ్గ తొడుగుతుంది. అందుకే అది కార్తీకం నుంచి సంక్రాంతి దాకా విరగబూస్తుంది. పూతను వాయిదా వేయాలనుకున్న రైతులు రాత్రిళ్లు పొలంలో బల్బులు వెలిగిస్తారు. వెలుతురు పడితే మొక్క ఆ రాత్రిని పొడవైన రాత్రిగా లెక్కించదు. మల్లెది మరో పద్ధతి. చలికాలంలో నీరు తగ్గించి, కొమ్మలు కత్తిరించి, ఆకు దూసి, ఆ తర్వాత ఎరువు వేసి తడిపెడితే మాఘ, ఫాల్గుణాలకు కొత్త చిగుళ్లతో పాటు మొగ్గలు వస్తాయి. తంగేడు, గునుగు వానలకు పెరిగి, వానలు వెనకబట్టే వేళకు పూతకొస్తాయి.

వేసవి: తెలుపు, పరిమళం

వేసవి అలంకారానికి మల్లె పునాది. 2018లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది దీన్నే. తెల్లవారుజామున కోసిన మొగ్గ సాయంత్రానికి విచ్చుకుంటుంది. కాడ గోరంత కూడా ఉండదు కాబట్టి కూజాలో నిలబడదు, దండలోనే నిలుస్తుంది. దారాన్ని ఎడమచేతి వేళ్ల మధ్య బిగబట్టి, రెండు మొగ్గలు ఒకవైపు, రెండు ఎదురువైపు, కాడలు ఒకదానిమీద ఒకటి పడేలా పెట్టి, ఒక చుట్టు తిప్పి ముడి లాగుతారు. ముడి వదులైతే పూలు జారిపోతాయి, మరీ బిగిస్తే కాడ తెగుతుంది. ఈ పనికి తడిపిన అరటి నార దారం కన్నా నయం. అది మెత్తగా ఉండి కాడను కోయదు, తడిని పట్టి ఉంచుతుంది.

మల్లెల మధ్య కనకాంబరం, మరువం చేర్చడంలో లెక్క ఉంది. కనకాంబరానికి వాసన లేదు, కానీ దాని కాషాయం తెలుపు పక్కన మెరుస్తుంది, త్వరగా వాడదు. మరువం ఆకుపచ్చను, ఘాటును ఇస్తుంది. పూలజడ ఇదే లెక్క మీద నడుస్తుంది. అరటి పట్టను జడ వెడల్పుకు కోసి, దాని మీద విచ్చుకోని మొగ్గలను వరుసలుగా సూదితో కుట్టి, నడుమ కనకాంబరాలతో గళ్లు వేస్తారు. సాయంత్రం అమ్మాయి జడకు కట్టేసరికి మొగ్గలన్నీ విచ్చుకుని పట్ట కనబడకుండా కప్పేస్తాయి.

చెట్ల పూలూ ఈ కాలంలోనే వస్తాయి. వేసవి ముందు మోదుగ ఎర్రగా, నడి వేసవిలో రేల పసుపుపచ్చని గుత్తులతో పూస్తాయి. రేల గుత్తి కిందికి వేలాడుతుంది. దాన్ని ఎత్తైన బిందెలో, అంచు మీద నుంచి జారేలా పెడితేనే చెట్టున ఉన్న అందం వస్తుంది.

వానాకాలం: ఆకుదే పెత్తనం

ఈ కాలంలో ఆకులు దట్టంగా, లేతగా ఉంటాయి. వినాయక చవితికి ఇరవై ఒక్క రకాల పత్రితో పూజ చేస్తారు. మారేడు, గరిక, రేగు, ఉత్తరేణి, దానిమ్మ, వావిలి, జమ్మి ఆకులను పక్కపక్కన పేరిస్తే ఆకుపచ్చలోనే ఎన్ని ఛాయలున్నాయో కనబడుతుంది. దేవుడి పైన వేలాడదీసే పాలవెల్లి పూర్తిగా ఆ రుతువు పంటతో చేసే అమరిక. చతురస్రంగా ఉన్న చెక్క చట్రానికి నాలుగు మూలలా తాళ్లు కట్టి, చుట్టూ మామిడాకులు, కింద వెలగకాయలు, మొక్కజొన్న కంకులు, దానిమ్మ, సీతాఫలాలు వేలాడదీస్తారు. ఎదురెదురు మూలల్లో బరువు సమానంగా ఉంటేనే చట్రం ఒరగకుండా నిలుస్తుంది. అందుకే పెద్ద కాయలు మూలలకు, చిన్నవి నడుమకు కడతారు.

పత్రిలో గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు కూడా ఉంటాయి. ఇవి మూడూ విషపూరితమైనవి. పిల్లలకు అందకుండా ఉంచాలి. కోశాక చేతులు కడుక్కోవాలి, జిల్లేడు పాలు కంటికి తగలనివ్వకూడదు.

మామిడాకు తోరణం అన్ని కాలాలకూ చెల్లుతుంది. ఆకు దళసరిగా, పైన మైనం పూతతో ఉండడం వల్ల నీళ్లు లేకపోయినా రెండు మూడు రోజులు పచ్చగా ఉంటుంది. మరీ లేత ఆకు సాయంత్రానికే ముడుచుకుంటుంది, ముదురాకే కోయాలి. ఆకును మధ్యకు మడిచి కొబ్బరి ఈనెతో గుచ్చి, రెండు ఆకులకొక బంతి పువ్వు చొప్పున కడితే తోరణం నిండుగా కనబడుతుంది.

దసరా: పేర్చే విద్య

తెలంగాణలో మహాలయ అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై తొమ్మిదో నాడు సద్దులతో ముగిసే బతుకమ్మ, స్థానిక పూలతో చేసే అలంకారాల్లో కల్లా పెద్దది. 2014లో ఇది రాష్ట్ర పండుగ అయింది. తంగేడు రాష్ట్ర పుష్పం.

పేర్పుకు తాంబాళమో సిబ్బో తీసుకుని గుమ్మడాకులు పరుస్తారు. మొదటి వరుస తంగేడు. పువ్వు బయటికి, కాడ లోపలికి ఉండేలా గుండ్రంగా పెడతారు. నడుమ మిగిలిన ఖాళీని తరిగిన ఆకులు, కాడలతో గట్టిగా నింపుతారు. పై వరుసల బరువును మోసేది ఈ నింపుడే. ఆ పైన గునుగు. పిడికెడు గునుగు కట్టి, కొసలు సమంగా కోసి, కొన్ని కట్టలకు ఎరుపు, నీలం, ఊదా రంగులు అద్ది ఆరబెడతారు. తర్వాత బంతి, చామంతి, సీతజడ. వరుస వరుసకూ చుట్టు తగ్గుతూ గోపురంలా పైకి వెళ్లి, శిఖరాన గుమ్మడి పువ్వు, పసుపు గౌరమ్మ నిలుస్తాయి.

ఈ కట్టడంలో నీటి పాత్ర లేదు. అయినా రాత్రి దాకా వాడిపోనట్టే కనబడుతుంది. గునుగు కంకి సహజంగానే పొడిగా, కాగితంలా ఉంటుంది. ఎండినా ఆకారం చెడదు. బంతి రేకులు దగ్గరదగ్గరగా ఉండి తడిని పట్టి ఉంచుతాయి. కాడలన్నీ లోపల పచ్చి ఆకుల మధ్య ఒత్తుకుని ఉండడంతో తేమ త్వరగా పోదు. పండుగ వేళకు పొలాల్లో కలుపుగా నిండి ఉండే గునుగు ఈ గోపురానికి నడుమవుతుంది. బతుకమ్మను చెరువులో నిమజ్జనం చేశాక మట్టిలో కలవనిదంటూ అందులో ఏమీ మిగలకూడదు. అందుకే గునుగుకు అద్దే రంగులు కూడా పసుపు, బీట్‌రూట్ వంటి వాటితో చేసినవైతే చెరువుకు మేలు.

పారిజాతం పూసేదీ ఈ రోజుల్లోనే. రాత్రి విచ్చి తెల్లవారేసరికి రాలిపోతుంది. చెట్టు కింద శుభ్రమైన బట్ట పరిచి ఏరుకున్న పూలను వెడల్పాటి పళ్లెంలో పరచడమే దానికి తగిన అలంకారం.

చలికాలం: రంగుల నిండుదనం

హేమంతంలో చామంతి, బంతి, కాగడాలు, డిసెంబరు పూలు, గులాబీలు ఒకేసారి వస్తాయి. హైదరాబాద్ గుడిమల్కాపూర్, గోదావరి తీరాన కడియపులంక పూల మార్కెట్లలో పసుపు, తెలుపు చామంతులు బస్తాలకొద్దీ దిగుతాయి. ధనుర్మాసంలో ముగ్గు మధ్య పెట్టిన గొబ్బెమ్మలపై గుమ్మడి, బంతి, చామంతి పూలు గుచ్చుతారు. తడిగా ఉన్న పేడ ముద్ద పూల కాడలకు తేమనిస్తూ, కదలకుండా పట్టుకుంటుంది.

కోత, నీళ్లు

పూలను తెల్లవారుజామున కోయాలి. రాత్రంతా వేళ్లు పీల్చిన నీరు అప్పుడు కాడల నిండా ఉంటుంది. కాడను ఏటవాలుగా కోస్తే కొస కూజా అడుగుకు అతుక్కోకుండా నీరు పీలుస్తుంది. కోసిన వెంటనే నీళ్లలో పెట్టాలి. ఆలస్యమైతే కాడలోని సన్నని గొట్టాల్లో గాలి చేరి నీటికి అడ్డుపడుతుంది. నీళ్లలో మునిగే ఆకులన్నీ తీసేయాలి, లేకుంటే కుళ్లి సూక్ష్మక్రిములు పెరుగుతాయి. రోజూ నీళ్లు మార్చి, కొసను కొద్దిగా కత్తిరిస్తే చామంతి, లిల్లీ వారం దాకా నిలుస్తాయి. లిల్లీ కింది నుంచి పైకి విచ్చుకుంటుంది. వాడిన కింది పూలు గిల్లేస్తే పై మొగ్గలు విచ్చుకుంటాయి. పండే మామిడి, అరటి పళ్ల నుంచి వెలువడే ఎథిలీన్ వాయువు పూలను త్వరగా వాడ్చేస్తుంది కాబట్టి కూజాను పళ్లబుట్ట పక్కన ఉంచకూడదు.

ఇంట్లో అమరిక

కూజాలో అమర్చేటప్పుడు ముందు ఆకు, తర్వాత పొడవు కొమ్మ, ఆ పైన ముద్ద పువ్వు, చివర సన్నని పూలు. క్రోటన్, అశోక, మనీ ప్లాంట్, ఫెర్న్ ఆకులు అంచును కప్పి అమరికకు పీఠమవుతాయి. లిల్లీ కాడలు, తంగేడు కొమ్మలు ఎత్తునిస్తాయి. ఆ ఎత్తు కూజాకు ఒకటిన్నర రెట్లుంటే చూపుకు నప్పుతుంది. బంతి, చామంతి నడుమ బరువునిస్తాయి. గునుగు, మరువం ఖాళీలు పూరిస్తాయి. కాడ పొట్టిగా ఉన్న మందారం, నందివర్ధనం, గన్నేరులకు నీళ్లు నింపిన గంగాళమే చోటు. మందారం నీళ్లున్నా లేకున్నా ఒక్కరోజు పువ్వు, కాబట్టి ఏ రోజుకారోజు మార్చాలి.

కాడలు నిలబెట్టడానికి దుకాణాల్లో అమ్మే పచ్చ ఫోమ్ ప్లాస్టిక్ జాతిది. వాడాక పొడిపొడిగా రాలుతుంది, మట్టిలో కలవదు. దాని బదులు అరటి బోదెను అడ్డంగా రెండంగుళాల మందాన కోసి, ఈనెతో రంధ్రాలు చేసి కాడలు గుచ్చవచ్చు. బోదెలో ఉన్న నీరే రెండు రోజులకు సరిపోతుంది.

ఏడాదికి సరిపడే పెరడు

పెరట్లోనో డాబా మీద కుండీల్లోనో కొద్ది మొక్కలతోనే సంవత్సరం గడుస్తుంది. వేసవికి రెండు మల్లె పొదలు, చలికి కాగడా, ఏడాది పొడవునా మందారం, నందివర్ధనం, కనకాంబరం. ఆకుకు క్రోటన్, ఫెర్న్, మరువం. బంతి విత్తిన రెండు నెలలకు పూస్తుంది; దసరాకు కావాలంటే ఆషాఢంలోనే నారు పోయాలి. చామంతి పిలకలు వానలు మొదలయ్యాక నాటితే సంక్రాంతికి ముందే పూతకొస్తాయి. పండుగ తర్వాత వాడిన పూలు, ఆకులు, అరటి బోదె కంపోస్టు గుంతలో వేయాలి. బాగా ఎండిన బంతి పూల నుంచి తీసిన గింజలు కాగితంలో మడిచి దాచుకుంటే వచ్చే ఏటి నారుకు సరిపోతాయి.