సెకండ్ హ్యాండ్ థార్ కొనాలంటే ఏ సంవత్సరం బండి మంచిది?

పిట్టలవానిపాలెం నుంచి మాట్లాడుతున్నా. ఈ ఎపిసోడ్ ఎప్పటి నుంచో చేద్దామనుకుంటున్నా. పోయిన నెల మా బాబాయి కొడుకు ఇరవై వేలు పోగొట్టుకున్నాక ఇక ఆలస్యం చేయకూడదనిపించింది.

వాడికి థార్ అంటే పిచ్చి. బాబాయి రెండు పంటల మీద మిగిల్చిన డబ్బు తీసి వాడి చేతిలో పెట్టాడు. ఫోన్‌లో ఒక బండి ఫోటోలు చూశాడు. 2020 చివర్లో తయారైన డీజిల్ బండి, బయట రేటు కంటే లక్షన్నర తక్కువ. "ఇవాళ టోకెన్ వేయకపోతే రేపు బండి ఉండదు" అన్నారంట. వీడు వెంటనే ఫోన్‌లోనే కొట్టేశాడు. మర్నాడు ఇద్దరం వెళ్ళాం. బండి తళతళ మెరిసిపోతోంది. నేను సీటు బెల్టు పట్టుకుని చివరి దాకా లాగాను. లోపల చుట్టుకుని ఉండే జానెడు భాగం మీద ఎండిపోయిన ఒండ్రు మట్టి! అంటే బండి నీళ్ళలో మునిగింది. వదిలేసి వచ్చాం. టోకెన్ డబ్బు తిరిగి రాలేదు.

దారిలో వాడు ఒకటే మాట. "అన్నా, 2020 మోడలే కదా, కొత్త బండే కదా?" ఇవాళ ఆ ప్రశ్నకే జవాబు చెప్పుకుందాం.

ముందు "మోడల్ ఇయర్" సంగతి

అమెరికాలో ఉన్న మనవాళ్ళని అడిగితే ఫలానా సంవత్సరం జీప్ కొను, ఫలానాది వద్దు అని చెప్తారు. అక్కడ ప్రతి ఏడాదికీ మోడల్ ఇయర్ లెక్క ఉంటుంది. మన దగ్గర క్యాలెండర్ మారినంత మాత్రాన బండి మారదు. ఇంజిన్ మారినప్పుడు, ఫేస్‌లిఫ్ట్ వచ్చినప్పుడు, పొల్యూషన్ రూల్ మారినప్పుడు బండి మారుతుంది. గుర్తుపెట్టుకోవాల్సింది ఆ తేదీలే.

ఇంకోటి. ఆర్‌సీలో రిజిస్ట్రేషన్ తేదీ వేరు, తయారైన నెల, సంవత్సరం వేరు. 2020 నవంబర్‌లో తయారైన బండి 2021లో రిజిస్టర్ అయితే దాన్ని "2021 మోడల్" అని అమ్ముతారు. మీరు చూడాల్సింది తయారైన నెల.

థార్‌లో ఏ కాలం ఎలాంటిది?

మొదటిది 2010 నుంచి 2015 మధ్య వరకు. పాత థార్ 2010లో వచ్చింది. సీఆర్‌డీఈ అంటే 2.5 లీటర్ డీజిల్, 105 హార్స్ పవర్. డీఐ అని ఇంకోటి ఉండేది, దాని పవర్ 63 మాత్రమే. పేరు ఒకటే అయినా రెండూ వేరే బళ్ళు అనుకోండి. ఈ కాలం బళ్ళతో అసలు తలనొప్పి వయసు. ప్రైవేటు బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు. తర్వాత ఫిట్‌నెస్ చేయించి ఐదేసి ఏళ్ళకి రెన్యువల్ చేయించుకోవాలి. చవగ్గా వచ్చిందని 2011 బండి కొంటే, కొన్న వెంటనే ఆ ఖర్చు మీ నెత్తిన పడుతుంది.

రెండోది 2015 మధ్య నుంచి 2020 వరకు. 2015లో ఫేస్‌లిఫ్ట్ వచ్చింది. ఇంజిన్ అదే, కానీ సీఆర్‌డీఈకి వెనక మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ ఇచ్చారు. అంటే ఒక చక్రం బురదలో ఊరికే తిరుగుతుంటే రెండో చక్రానికి కూడా బలం అందుతుంది. మన నల్లరేగడిలో దీని విలువ తెలుస్తుంది. 2019లో ఏబీఎస్ కూడా వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 రూల్ రావడంతో ఈ బండి ఆగిపోయింది. అప్పటికి అదే ఇంజిన్ మీద పదేళ్ళ అనుభవం ఉంది. మామూలు మెకానిక్ కూడా విప్పి బిగించగలడు.

మూడోది 2020 అక్టోబర్ 2న అమ్మకానికి వచ్చిన కొత్త థార్. 2.2 లీటర్ డీజిల్, 2.0 లీటర్ టర్బో పెట్రోల్. గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్ట్‌లో 4 స్టార్లు. అయితే 2020 సెప్టెంబర్ 7 నుంచి డిసెంబర్ 25 మధ్య తయారైన 1,577 డీజిల్ బళ్ళను క్యామ్‌షాఫ్ట్ సమస్య మీద కంపెనీ వెనక్కి పిలిచి, ఉచితంగా మార్చింది. వెనక్కి పిలిచి బాగుచేయడం మంచి పనే. కానీ ఆ నెలల బండి చూస్తుంటే, ఛాసిస్ నంబర్‌తో సర్వీస్ సెంటర్‌లో "ఆ పని జరిగిందా?" అని అడగకుండా డబ్బు ఇవ్వొద్దు.

ఇది థార్ ఒక్కదానికే జరిగింది కాదు. అమెరికాలో జీప్ రాంగ్లర్‌కి 2012లో కొత్త వీ6 ఇంజిన్ పెట్టినప్పుడు మొదట్లో సిలిండర్ హెడ్ సమస్యలు బయటపడ్డాయి. కొత్త ఇంజిన్ మొదటి బ్యాచ్ అంటే ఎక్కడైనా కాస్త ఆగి చూడాలి.

ఇక 2023 జనవరిలో టూ వీల్ డ్రైవ్ థార్ వచ్చింది, 1.5 లీటర్ డీజిల్‌తో. అంతకు ముందు వరకు కొత్త థార్ అన్నీ ఫోర్ బై ఫోరే. కాబట్టి 2023, ఆ తర్వాతి బండి అయితే గేర్ రాడ్ పక్కన రెండో చిన్న లీవర్ ఉందో లేదో చూడండి. అది లేకపోతే రోడ్డు బండే.

నంబర్ ప్లేట్ అంతా చెప్పదు

2019 నుంచి మన రాష్ట్రమంతా ఏపీ 39 అని ఒకే సిరీస్ పెట్టారు. అంతకు ముందు ఏపీ 07 చూడగానే గుంటూరు బండి అని తెలిసేది. ఇప్పుడు ప్లేట్ చూస్తే బండి ఏ ఊళ్ళో తిరిగిందో తెలియదు. ఎందుకు చెప్తున్నానంటే, 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను మన బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని బళ్ళు మునిగాయో మనమందరం చూశాం. ఆ బళ్ళన్నీ తుక్కులోకి పోలేదు.

ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టి ఏ ఆర్‌టీఓ ఆఫీసో చూడండి. సర్వీస్ హిస్టరీ, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌ల వివరాలు అడగండి. ఆ నెలల తర్వాత పెద్ద క్లెయిమ్ ఉంటే, లేదా అప్పటి నుంచి సర్వీసే ఆగిపోతే అనుమానించాలి. సీటు బెల్టు పూర్తిగా లాగండి. కార్పెట్ ఎత్తి చూడండి. హెడ్‌లైట్ లోపల చెమ్మ, ఫ్యూజ్ బాక్స్‌లో తుప్పు ఉన్నాయేమో చూడండి. లోపల సెంటు వాసన మరీ ఘాటుగా కొడుతుంటే కూడా ఆలోచించండి.

మన ఏరియాలో ఉప్పు

ఇక్కడ కొండలు, బండరాళ్ళు లేవు. మన ఆఫ్ రోడింగ్ అంతా కాలవ గట్లు, రొయ్యల చెరువుల గట్లు, సూర్యలంక ఇసుక. అన్నిచోట్లా ఉప్పే. థార్ బాడీ కింద నిచ్చెన లాంటి ఛాసిస్ ఉంటుంది. టార్చ్ పట్టుకుని కింద పడుకుని దాని లోపలి వైపు, వెనక సస్పెన్షన్ బిగించిన చోట్లు చూడండి. పైపైన తుప్పు ఫర్వాలేదు. స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే పెచ్చులు ఊడితే మాత్రం వద్దు. కొత్తగా నల్ల పెయింట్ కొట్టి ఉంటే ఇంకా జాగ్రత్త.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. ఫోర్ బై ఫోర్‌ని తారు రోడ్డు మీద కాదు, మట్టిలో టెస్ట్ చేయాలి. బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, ఫోర్ లో వేసి కదిలించండి. గేర్ జారినా, టకటక శబ్దం వచ్చినా పెద్ద ఖర్చే.

బీఎస్6 డీజిల్‌లో డీపీఎఫ్ అనే మసి ఫిల్టర్ ఉంటుంది. రోజూ ఇంటి నుంచి చెరువు దాకా రెండు కిలోమీటర్లు తిప్పితే అది మూసుకుపోతుంది. అప్పుడప్పుడు హైవే మీద వేడెక్కేలా తిప్పాలి. ఆ అవకాశం లేనివాళ్ళు పెట్రోల్ చూసుకోండి. 2023 జూన్‌లో వచ్చిన జిమ్నీ కూడా పెట్రోలే, అన్నీ ఫోర్ బై ఫోరే.

ఇంతకీ నా మాట ఏంటంటే

బడ్జెట్ ఉంటే 2021 రెండో సగం నుంచి 2022 చివరి వరకు తయారైన ఫోర్ బై ఫోర్ మాన్యువల్. అంత లేకపోతే 2016 నుంచి 2019 మధ్య సీఆర్‌డీఈ ఫోర్ బై ఫోర్, ఏబీఎస్ ఉన్న 2019 దొరికితే ఇంకా మంచిది. ఇది నా లెక్క. కానీ నీళ్ళలో మునిగిన 2022 కంటే పొడిగా పెరిగిన 2017 వంద రెట్లు నయం.

కాగితాల విషయం: ఫారం 29, 30 మీద సంతకాలు, లోన్ ఉంటే ఫారం 35, వేరే రాష్ట్రం బండి అయితే ఎన్‌ఓసీ. ఢిల్లీ బండి చవగ్గా కనిపిస్తుంది కానీ ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్క వేసుకోండి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరు మీదకి మార్పించుకోవాలి.

మా తమ్ముడు ఇంకా వెతుకుతూనే ఉన్నాడు. ఇప్పుడు మాత్రం ఎవరు ఫోటో పంపినా ముందు ఛాసిస్ నంబర్ అడుగుతున్నాడు. మీరూ అంతే చేయండి. బండి చూడకుండా ఒక్క రూపాయి కూడా కొట్టొద్దు. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.