చేపలతొట్టెలో రక్తబీజుడు

హాల్లో ఓ మూల గాజుతొట్టె, అందులో రంగురంగుల చేపలు ఉంటే ఇంటికి అదో కళ. మా నిజామాబాద్, బోధన్ వైపు కూడా పిల్లలున్న ఇళ్లలో గప్పీలో, ఫైటర్లో ఈదుతూ కనిపిస్తుంటాయి. సరదా పిల్లలది, చాకిరీ మాత్రం తల్లిది! నీళ్లు మార్చేదీ, మేత వేసేదీ మనమే కదా. అందుకే ఈ నాలుగు మాటలు.

ఒక్కోసారి తొట్టె అద్దం మీద తెల్లటి దారప్పోగుల్లాంటివి వేలాడుతుంటాయి. పొడవు అర సెంటీమీటరో, ఇంకాస్త ఎక్కువో. చివర సన్నని వెంట్రుకల్లాంటివి ఆడుతుంటాయి. ముట్టుకుంటే చటుక్కున ముడుచుకుని ఆవగింజంత అయిపోతాయి. చాలామంది నాచనుకుని ఊరుకుంటారు. అది నాచు కాదు, ప్రాణి. పేరు హైడ్రా. హైదరాబాద్‌లో చెరువుల ఆక్రమణలు తొలగించడానికి 2024లో పెట్టిన హైడ్రా కాదండోయ్! ఇంటర్లో బైపీసీ చదివిన వాళ్లకు రికార్డులో వేసిన బొమ్మ గుర్తుండే ఉంటుంది.

ఇది మన తొట్టెలోకి ఎలా వస్తుందంటారా? ఎక్కువగా నీటిమొక్కలతోనే. బోధన్‌లో మా వదినగారింట్లో అలాగే జరిగింది. ఒకప్పుడు చెరకుతోటలకు ప్రాణం పోసిన నిజాంసాగర్ కాలువలోంచి పిల్లలు నాలుగు మొక్కలు పీక్కొచ్చి తొట్టెలో వేశారు. ఫైటర్ చేప గుడ్లు పెట్టి, కంటికి ఆనీ ఆనని పిల్లలు బయటికి వచ్చాయి. ఇల్లంతా సంబరమే! వారం తిరిగేసరికి సగం కూడా మిగల్లేదు. పెద్ద చేపలను హైడ్రా ఏమీ చేయలేదు గానీ, అప్పుడే పుట్టిన పిల్లలను ఆ వెంట్రుకల్లోని విషపు ముళ్లతో పొడిచి మింగేస్తుంది.

కోపమొచ్చి బ్లేడుతో గీకేద్దామనిపిస్తుంది. అదొక్కటీ చేయకండి. జెనీవాకు చెందిన అబ్రహాం ట్రెంబ్లే అనే ఆయన 1740 ప్రాంతంలో హాలండ్‌లో ఓ పెద్దింటి పిల్లలకు చదువు చెబుతూ హైడ్రాను ముక్కలుగా కోసి చూశాడు. ముక్క ముక్కా మళ్లీ పూర్తి ప్రాణి అయింది! అందుకే గ్రీకు పురాణంలో తల నరికితే కొత్త తలలు మొలిచే పాము పేరే దీనికి పెట్టారు. మన రక్తబీజుడి కథే అనుకోండి. కాళికాదేవి రక్తపు బొట్టు నేల పడకుండా చూసి గెలిచింది. మనమూ ముక్క రాలకుండా చూసుకుని గెలవాలి.

ముందుగా మేత తగ్గించండి. రెండు మూడు నిమిషాల్లో చేపలు తినేసేంతే వేయాలి. మిగిలిన మేతను పట్టుకుని సన్నపురుగులు పెరుగుతాయి, వాటిని తిని హైడ్రా బలుస్తుంది. తిండి దండిగా దొరికితే రెండు మూడు రోజులకో పిల్ల, చెట్టుకు మొగ్గ వచ్చినట్టు దాని ఒంటికే పుట్టుకొస్తుంది. చేపలకు బతికున్న పురుగులు వేసే అలవాటుంటే కొన్నాళ్లు మానేయండి.

బాగా పెరిగిపోతే, తొట్టెను కదిలించకముందే పైనీళ్లు శుభ్రమైన బకెట్లో తీసుకుని చేపలను అందులో వేయండి. చిన్నపిల్లలను గ్లాసుతో ముంచి తీయాలి. రాళ్లను పాత గిన్నెలో పది నిమిషాలు మరగనివ్వండి. హైడ్రాకు గట్టి పెంకున్న గుడ్లు కూడా ఉంటాయి మరి! తొట్టెను బాగా వేడి నీళ్లతో కడిగి ఎండలో ఆరబెట్టండి. మరిగే నీళ్లు పోస్తే అద్దం పగులుతుంది, జాగ్రత్త. సబ్బు, ఫినాయిల్ దగ్గరికి రానీయవద్దు. కొళాయి నీళ్లు ఒకరోజు నిలవ ఉంచి నింపాలి. మొదటి రెండు మూడు వారాలు మేత తక్కువ వేస్తూ, కొద్దికొద్దిగా నీళ్లు మారుస్తుండాలి.

చేపపిల్లలు లేని తొట్టె అయితే గౌరామి చేపను వేసి చూడండి. హైడ్రాను అది ఇష్టంగా తింటుంది. కుక్కలకిచ్చే ఫెన్‌బెండజోల్ అనే నులిపురుగుల మందు కూడా హైడ్రాను చంపుతుంది. కానీ కొన్ని రకాల నత్తలకు దానితో ముప్పు. పశువుల డాక్టర్ని అడక్కుండా వాడవద్దు.

ఉప్పునీటి తొట్టెలు పెట్టే వాళ్లకూ ఈ బాధ తప్పదు. అక్కడ హైడ్రాకు చుట్టమైన ఐప్టేషియా అనే సముద్రపు ప్రాణి ఇలాగే గుంపులు కడుతుంది. దాన్ని కూడా కోయకూడదు. సన్నని సూదితో సున్నపు ముద్దో నిమ్మరసమో నోట్లోకి ఎక్కించి చంపుతారు. మన వంటింటి సరుకు సముద్రపు ప్రాణికి కూడా మందే, చూశారా!

ఇక కొత్త మొక్క తెస్తే రెండు వారాలు విడిగా గాజుసీసాలో ఉంచి, పోగులేమైనా కనిపిస్తున్నాయేమో చూసుకున్నాకే తొట్టెలో వేయండి. కడిగిన నీళ్లు, పారేసే మొక్కలు కాలువలోనో చెరువులోనో కాకుండా పెరట్లో చెట్ల మొదట్లో పోయండి. హైడ్రా అక్కడే ఎండి చస్తుంది, ఆ నీళ్లు మల్లెపాదుకు మంచి ఎరువవుతాయి.