లోకల్ ప్రాక్సీ సర్వర్

2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లో పౌరసేవలు ప్రారంభించింది. ఇలాంటి సేవల వెనుక పనిచేసేది ఏపీఐ. ఒక ప్రోగ్రామ్ మరో ప్రోగ్రామ్‌ను సమాచారం అడిగి తెచ్చుకునే ఏర్పాటే ఏపీఐ. దాన్ని వాడటం సాధన చేసేవారికి అక్కరకొచ్చేది లోకల్ ప్రాక్సీ సర్వర్.

రాజమహేంద్రవరంలో ఒక విద్యార్థిని ధవళేశ్వరం బ్యారేజీ నీటిమట్టం చూపే పేజీ రాస్తోందనుకుందాం. మట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది కనిపించాలి. పేజీ ఆమె ల్యాప్‌టాప్‌లో ఉంది, సమాచారం వేరే సర్వర్‌లో ఉంది. ఆ సర్వర్ అనుమతి తెలపనిదే బ్రౌజర్ జవాబును పేజీకి అందనివ్వదు.

గోదావరిలోని పడవ నేరుగా కాలువలోకి దిగదు. లాకులో ఆగి, నీటిమట్టం సమానమయ్యాకే సాగుతుంది. ప్రాక్సీ కూడా అలాంటి మజిలీయే. పేజీనీ ఏపీఐనీ ఆమె ల్యాప్‌టాప్‌కే పరిమితమైన 127.0.0.1:8080 అనే ఒకే చిరునామా నుంచి అందిస్తుంది. పేజీ అడిగింది తాను వెళ్లి అసలు సర్వర్ నుంచి తెచ్చిస్తుంది. ఏపీఐ వాడేందుకు ఇచ్చే రహస్య కీ కూడా పేజీలో కాకుండా దీని దగ్గరే భద్రంగా ఉంటుంది.

ఒక జాగ్రత్త. చిరునామా 0.0.0.0 అని పెడితే అదే వైఫైలో ఉన్న ఇతరులకూ తలుపు తెరిచినట్టే. అలాగే, అవసరమైన సర్వర్లకు మాత్రమే దారి ఇవ్వాలి. వరద వేళ లంక గ్రామాలవారు నమ్మి చూసే పేజీని ముందే ఇలా ఇంట్లో పరీక్షించడం బాధ్యత.