నాలుగు రాత్రులు.. నాలుగు కచేరీలు

‘ఫోన్లో దొరికే పాట కోసం అంత దూరం వెళ్లడమెందుకురా?’ అని మా అమ్మ అడుగుతుంటుంది. దొరుకుతుంది, నిజమే. కానీ ఫోన్లో పాట మనం విన్నా వినకపోయినా ఒకేలా ఉంటుంది. జనం ముందు పాడే పాట అలా ఉండదు. ఎదురుగా ఉన్నవాళ్లను బట్టి సాగుతుంది, ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. ఆ తేడా కోసమే తిరుగుతుంటాను.

2025లో అలా తిరిగిన నాలుగు రాత్రుల గురించి ఇది. మూడు ఫిబ్రవరిలోనే, నాలుగోది నవంబరులో. మొదటిదానికి వేలల్లో ఖర్చయింది, చివరిదానికి బస్సు చార్జీ మాత్రమే. ఎక్కువగా గుర్తుండిపోయింది ఆ చివరిదే. అది ఇంకెన్నాళ్లు వినిపిస్తుందోనన్న దిగులు పట్టుకుంది కూడా దాని గురించే.

గిటారుతో ఒక్కడు

ఫిబ్రవరి 2న రామోజీ ఫిల్మ్ సిటీలో ఎడ్ షీరన్ కచేరీ. హైదరాబాద్‌లో ఉద్యోగం కాబట్టి ఆఫీసు స్నేహితులతో కలిసి వెళ్లాను. అతని ప్రత్యేకత లూప్ పెడల్. గిటారు చెక్క మీద అరచేత్తో కొట్టి దరువు రికార్డు చేస్తాడు. అది తిరుగుతుండగానే దానిపై తీగల వరస, ఆపైన తన గొంతు చేరుస్తాడు. నిమిషం తిరిగేలోపు ఒక్క మనిషి బృందమైపోతాడు. ముందే తయారుచేసి తెచ్చిన ట్రాక్ కాదు, మన కళ్లెదుటే పాట కట్టుకుంటూ పోతాడు. ఇంజినీరింగ్ చదివినవాడికి అంతకన్నా వేడుక ఏముంటుంది!

సరిగ్గా వారానికి, 9న, బెంగళూరులో అతను గాయని శిల్పారావుతో కలిసి ‘దేవర’లోని ‘చుట్టమల్లే’ తెలుగులోనే పాడాడు. ఆ వీడియో చూసి మా గ్యాంగ్ అంతా ఒకటే గోల.. ‘మన దగ్గర పాడొచ్చుగా!’ అని.

బెజవాడలో జనం గొంతు

రెండోది ఫిబ్రవరి 15న, విజయవాడ ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియంలో. తలసీమియా బాధితుల సహాయార్థం ఎన్టీఆర్ ట్రస్టు ఏర్పాటు చేసిన ‘యుఫోరియా’ మ్యూజికల్ నైట్, తమన్ బృందం కచేరీ. నరసరావుపేట నుంచి మా పిన్ని కుటుంబం కూడా వచ్చింది. ఇక్కడ పాట మొదటి దరువుకే జనం అందుకున్నారు. గాయకుడి గొంతు కన్నా నా వెనక వరసలో ఉన్న కుర్రాళ్ల గొంతే నాకు ఎక్కువ వినిపించింది. శ్రుతి ఎక్కడికో పోయింది. అయినా బాగుంది. హైదరాబాద్‌లో సగంమందిమి పల్లవి వచ్చేదాకా ఆగి అందుకున్నాం. ఇక్కడ చరణాలు కూడా అందరికీ కంఠతా వచ్చు. మాతృభాషలో కచేరీ అంటే అదే.

రెండు ప్రభల నడుమ

మూడోది సొంతూరి పండగ. ఫిబ్రవరి 26, మహాశివరాత్రి, కోటప్పకొండ తిరునాళ్ల. నరసరావుపేటకు పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో త్రికోటేశ్వరస్వామి కొండ. ‘చేదుకో కోటయ్యా’ అంటూ చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం తరలివస్తారు. కావూరు, పురుషోత్తమపట్నం వంటి ఊళ్ల నుంచి వచ్చే విద్యుత్ ప్రభలు ఆకాశంలోకి లేస్తాయి. ఒక్కోటి ఎన్నో అంతస్తుల ఎత్తు, వాటి నిండా రంగురంగుల బల్బులు. పక్కన జనరేటరు, ముందు వేదిక, వేదిక మీద ఆట, పాట.

బయటి ఊళ్ల స్నేహితులకు దీన్ని మ్యూజిక్ ఫెస్టివల్ అనే పరిచయం చేస్తాను. పెద్ద ఫెస్టివల్స్‌లో నాలుగైదు స్టేజీలుంటాయి, నచ్చినచోటికి నడిచిపోవచ్చు. కోటప్పకొండలోనూ అంతే. టికెట్ ఉండదు, చేతికి బ్యాండు ఉండదు. ఒకప్పుడు ప్రభల దగ్గర హరికథలు, బుర్రకథలు, నాటకాలు సాగేవని మా తాతయ్య చెప్పేవాడు. తర్వాత ఆర్కెస్ట్రాలు, రికార్డింగ్ డ్యాన్సులు వచ్చాయి, ఇప్పుడు డీజే బాక్సులు.

రెండు ప్రభల మధ్య నిలబడితే రెండు పాటలూ కలిసిపోయి ఏదీ అర్థం కాదు. ఒకదాని వైపు నడుస్తుంటే రెండోది తగ్గుతుంది. ఆరుబయట, చిన్న బాక్సు నుంచి దూరం రెట్టింపయ్యేకొద్దీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుందని భౌతికశాస్త్రం చెబుతుంది. ఆ లెక్కన నడుచుకుంటూ మంచి చోటు వెతుక్కోవాలి. బాక్సుల వరస పెరిగిందంటే ఆ చోటు దొరకడమూ కష్టమే. ఆ రాత్రి బాక్సుల దగ్గర నా ఫోన్లోని యాప్ వంద డెసిబెల్స్ దాటి చూపించింది. ఫోన్ మైకు కొలత అంత కచ్చితం కాదనుకోండి. గుండెల మీద దరువు మాత్రం కచ్చితంగానే తెలిసింది.

కారంపూడిలో..

నాలుగోది కార్తీక మాసంలో కారంపూడి వీరుల ఉత్సవం. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు.. ఇలా అయిదు రోజులు. పన్నెండో శతాబ్దంలో గురజాల, మాచర్ల రాజ్యాల నడుమ జరిగిన యుద్ధంలో నేలకొరిగినవాళ్లను ఆ నాగులేటి ఒడ్డునే తలుచుకుంటారు. బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడి కథ మనందరికీ తెలిసిందే. బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ ‘పల్నాటి యుద్ధం’గా ఊరూరా వినిపించిన కథ కూడా ఇదే.

ఇక్కడ ఆ కథ పాడేది వీరవిద్యావంతులు. తరతరాలుగా దీన్ని నోటితోనే నిలబెట్టుకొచ్చిన దళిత కుటుంబాల గాయకులు. ప్రధాన గాయకుడి చేతిలో కత్తి, పక్కన పంబ, తాళాలు. 1970ల్లో జీన్ రోగైర్ అనే అమెరికన్ పరిశోధకుడు ఇక్కడికొచ్చి అలిసెట్టి గాలెయ్య పాడిన కథను రికార్డు చేసుకున్నాడు. దాని ఇంగ్లిష్ అనువాదంతో, అధ్యయనంతో అతని పుస్తకం 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వెలువడింది. మన పక్క ఊరి పాట గురించి నాకు తెలిసింది ఆ పుస్తకం ద్వారానే.

నేను వెళ్లిన రాత్రి చుట్టూ ముప్పై, నలభై మంది కూర్చున్నారు. పక్కనున్న పెద్దాయనను అడిగాను.

‘పెద్దాయనా, ఎంతసేపు చెబుతారు కథ?’

‘ఎంతసేపంటే ఏం చెప్పేది బాబూ? వినేవాళ్లు కూర్చున్నంతసేపు.’

కథ మంచి పట్టులో ఉండగా వీధిలోంచి డీజే బాక్సులతో ఒక ట్రాక్టరు వచ్చింది. పది అడుగుల దూరంలోని పంబ కూడా వినిపించలేదు. గాయకుడు ఆపలేదు, ఆయన పెదాలు కదలడం మాత్రం కనిపిస్తోంది. కొందరు లేచి ట్రాక్టరు వెంట వెళ్లిపోయారు. అది దూరమయ్యాక ఆయన గొంతు సవరించుకుని, శబ్దంలో కొట్టుకుపోయిన ఘట్టాన్ని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. కోపం లేదు, విసుగు లేదు. మిగిలిన మా పాతికమంది కోసం.

నేను వెతుక్కునే లైవ్ ఇదే. ఎడ్ షీరన్ పెడల్ తొక్కి చేసినదాన్ని ఈయన ఎదుటివాళ్ల ముఖాలు చూసి చేశాడు. కానీ ఒక రాత్రిలో ఎన్నిసార్లని వెనక్కి వెళ్లగలడు?

కావాల్సింది కొంచెం నిశ్శబ్దం

నేను డీజేకు వ్యతిరేకిని కాదు. శివరాత్రికి ప్రభ ముందు ఎగిరినవాణ్ణే. కాకపోతే పెద్ద శబ్దానికి చోటు ఎక్కడైనా దొరుకుతుంది, చిన్న శబ్దానికి మనం వదిలితేనే దొరుకుతుంది. చట్టమూ ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పండగలకు రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా. చెవులకూ ఒక లెక్కుంది. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు ఉండొచ్చంటే, 100 దగ్గర పావుగంటే. ఇయర్‌ప్లగ్స్ జేబులో పెట్టుకుని వెళ్లడం మంచిది.

కారంపూడికి అయితే చట్టం దాకా వెళ్లాల్సిన పని లేదు. కథ చెబుతున్నంతసేపు ఆ వీధి మలుపులో బాక్సులు ఆపితే చాలు. కమిటీ పెద్దలు, కుర్రాళ్లు కూర్చుని మాట్లాడుకుంటే తేలిపోయే విషయం. దానికి ముందు కావాల్సింది వినేవాళ్లు. నలభైమంది కూర్చున్నచోట నాలుగువందల మంది కూర్చుంటే ఏ ట్రాక్టరైనా తనంతట తానే బాక్సులు ఆపుతుంది.

ఈసారి కార్తీకంలో వీలుంటే రండి. పిడుగురాళ్ల, మాచర్ల వైపు నుంచి బస్సులున్నాయి. రాత్రి చలిగా ఉంటుంది, ఒక దుప్పటి తెచ్చుకోండి. నేల మీదే కూర్చోవాలి కాబట్టి పాత చాప కూడా ఉంటే మంచిది. ఫోన్ మాత్రం జేబులోనే ఉంచండి. ఆయన మన ముఖాలు చూసే పాడతాడు.