పత్రి వేరు, పథ్యపు కూర వేరు

వినాయక చవితినాడు మనము స్వామికి ఇరువదియొక్క పత్రములు సమర్పించుదుము. అందు తులసి, మారేడు, దానిమ్మ కలవు. ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు కూడ కలవు. ఈ కడపటి మూడును విషములు. స్వామికి అర్పించినదెల్ల మనకు ఆహారమని తలపరాదు. మేము పాఠశాలలో చదువుకొను దినములలో తోటి విద్యార్థి ఒకడు ఉమ్మెత్త గింజలు నమిలి, నోరు పిడచకట్టి, కనుపాపలు పెద్దవై, ఎవరినీ గుర్తింపలేక రెండు రాత్రులు పలవరించెను. ఎట్లో బ్రతికినాడు. నాటినుండి క్రొత్తవారికి మొక్కలు చూపునపుడు మేము ముందుగా తినరానివానినే చూపుచున్నాము.

అట్లని భయపడి మానవలసిన విద్య కాదిది. ఋగ్వేదము పదవ మండలములోని ఓషధీసూక్తమున మూలికను త్రవ్వువాని క్షేమమును సైతము కోరిన మంత్రము కలదు. రుద్రమదేవి కాలమున, 1261 నాటి మల్కాపురము శాసనమున, అన్నసత్రముతో పాటు ఆరోగ్యశాల, ప్రసూతిశాల పేర్కొనబడినవి. అన్నమును, ఔషధమును ఒకే ధర్మముక్రింద పోషించిన కాలమది.

మన తగరపువలసలో గోస్తనీ తీరమున వానలు పడగానే అటికమామిడి కనిపించును. వేసవిలో పైతీగ ఎండి, తొలివానకు అదే వేరునుండి మరల చిగుర్చును గనుక పెద్దలు దీనిని పునర్నవ యనిరి. శరీరమున నీరుపట్టి వాచినపుడు వైద్యులు దీనిని వాడిరి. లేత ఆకును ఇండ్లలో పప్పున వండుదురు. చిక్కు పేరుతోనే వచ్చును. గలిజేరు అని దీనిని, మరియొక దళసరి ఆకుల మొక్కను కూడ పిలుతురు. అటికమామిడి పూలు చిన్నవి, ఎర్రనివి, సన్నని కాడలపై గుత్తులుగ నుండును. రెండవదాని పూలు ఆకు మొదటనే పూయును. గర్భిణులు, మూత్రపిండ వ్యాధిగలవారు వైద్యుని అడుగక రెంటినీ ముట్టరాదు.

సరస్వతి ఆకునకును ఇదే చిక్కు. గుండ్రని ఆకుగల మండూకపర్ణిని కొందరు బ్రాహ్మి యందురు; చిన్న దళసరి ఆకుల నీటి మొక్క వేరొకటి కూడ బ్రాహ్మియే.

నల్లేరు మాత్రము గుర్తించుట సులభము: నాలుగు పలకల కాడ, కణుపు కణుపునకు అతుకు. విరిగిన ఎముకలకు వాడుదురు గనుక అస్థిసంహారి యని పేరు. పచ్చిదానిని నమిలినచో గొంతు దురదపెట్టును. చేతులకు నూనె రాచుకొని, లేత కణుపుల పీచు తీసి, నూనెలో బాగుగ వేయించి, చింతపండుతో పచ్చడి నూరుట మన ఇల్లాండ్ర పద్ధతి. మా తల్లిగారు ముదురు కాడను వంటింటి గడప దాటనిచ్చెడివారు కారు.

ఏది కోసినను మురుగు కలియు గట్టున కోయవలదు. అచట ఆకు మరింత ఏపుగ నుండును, చూచి మోసపోకుడు.