వ్యాపారానికి వెబ్‌సైటు: తాళంచెవులు ఎవరి చేతిలో?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ రెండింటి సరసన ఈనాడు వెబ్‌సైటు చేయించడాన్ని కూడా చేర్చవచ్చు. ఒంటారియో సరస్సు పడమటి కొసన ఉన్న హామిల్టన్ నగరం ఉక్కు కర్మాగారాలకు పేరుపొందినదే అయినా, చిన్న వ్యాపారాలకు కూడా పుట్టినిల్లే. కెనడా అంతటా విస్తరించిన టిమ్ హోర్టన్స్ 1964లో ఇక్కడి ఒటావా వీధిలో ఒక చిన్న దుకాణంగానే మొదలైంది. ఇటువంటి నగరంలో ఒక తెలుగు కుటుంబం పిండివంటల దుకాణమో, పన్ను లెక్కల కార్యాలయమో, నృత్య శిక్షణాలయమో ప్రారంభిస్తే, గుమ్మం మీది బోర్డు తరువాత కావలసినది వెబ్‌సైటు. బోర్డు రాసినవాడు డబ్బు పుచ్చుకుని వెళ్ళిపోయినా బోర్డు యజమానిదే. వెబ్‌సైటు సంగతి అలా కాదు. డబ్బంతా చెల్లించిన తరువాత కూడా అది పూర్తిగా యజమానిది కాకపోవచ్చు.

కారణం ఏమిటంటే వెబ్‌సైటు ఒకే వస్తువు కాదు. అందులో మూడు అంగాలున్నాయి: పేరు, స్థలం, కట్టడం. ఈ మూడింటి యాజమాన్యం మూడు వేర్వేరు విధాలుగా నిర్ణయమవుతుంది.

పేరు

కెనడాలో తొలి టెలిఫోన్ ఎక్స్ఛేంజి 1878లో హామిల్టన్‌లోనే వెలసింది. ఎక్స్ఛేంజీల తొలినాళ్ళలో చందాదారులకు నంబర్లు లేవు. ఫలానా వారు కావాలని పేరు చెబితే ఆపరేటరు తీగ కలిపేవారు. అంతర్జాలంలో ఆ ఆపరేటరు పనిని డొమైన్ నేమ్ సిస్టమ్ చేస్తుంది. కంప్యూటర్లు ఒకదానినొకటి అంకెలతోనే గుర్తిస్తాయి. మనుషులకు పేర్లే గుర్తుంటాయి. టైపు చేసిన పేరును సరైన అంకెగా మార్చి ఇచ్చే ఈ పద్ధతిని 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించారు.

ఈ పేరును ఎవరూ శాశ్వతంగా కొనలేరు. ఏడాదికో, కొన్నేళ్ళకో రుసుము కట్టి తమ పేరున నమోదు చేయించుకుంటారు. అది కౌలు వంటిది. డాట్ సీఏతో ముగిసే కెనడా పేర్ల పట్టికను 1987 నుండి బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో జాన్ డెమ్కో నిర్వహించారు. 2000 డిసెంబరులో ఆ బాధ్యతను కెనడియన్ ఇంటర్నెట్ రిజిస్ట్రేషన్ అథారిటీ స్వీకరించింది. కెనడా పౌరులు, శాశ్వత నివాసులు, కెనడా చట్టాల ప్రకారం ఏర్పడిన కంపెనీలు మొదలైన అర్హులే ఈ పేర్లను నమోదు చేసుకోగలరు. హైదరాబాదులో ఉన్న బంధువు అభిమానంతో తన పేరునే నమోదు చేస్తే ఆ నమోదు రద్దయ్యే ప్రమాదం ఉంది.

డెవలపరు తన పేరుతో, తన ఈమెయిలుతో నమోదు చేయడం తరచుగా జరిగే పొరపాటు. ఇందులో దురుద్దేశం ఉండనక్కరలేదు. అయితే రెండేళ్ళ తరువాత అతడు వేరే ఉద్యోగంలో చేరితే, గడువు ముగుస్తోందన్న హెచ్చరిక దుకాణదారుకు కాక అతడికి చేరుతుంది. గడువు దాటి, ఆపైన ఇచ్చే కొద్దిపాటి వ్యవధి కూడా దాటితే ఆ పేరును ఇతరులెవరైనా తీసుకోవచ్చు. ఆ పేరు మీద నడిచే ఈమెయిలు కూడా దానితోపాటే ఆగిపోతుంది.

స్థలం

వెబ్‌సైటు పేజీలు ఎక్కడో ఒక సర్వరులో ఉండాలి. ఆ చోటును అద్దెకిచ్చే సేవనే హోస్టింగ్ అంటారు. డెవలపరు తన ఖాతాలోనే పదిమంది ఖాతాదారుల సైట్లను ఉంచడం పరిపాటి. ఖర్చు తగ్గుతుంది, కాని అతడు ఖాతా మూసివేసిననాడు పదిమందీ వీధిన పడతారు. హోస్టింగ్ ఖాతా యజమాని పేరున ఉండి, డెవలపరుకు ప్రవేశాధికారం మాత్రమే ఇవ్వడం మేలు.

కట్టడం

పేజీల రూపకల్పన, ప్రోగ్రాము, చిత్రాలు, రాతలు కలిసి కట్టడం అవుతాయి. దీనికి కాపీరైట్ చట్టం వర్తిస్తుంది. కెనడా చట్టం ప్రకారం జీతానికి పనిచేసే ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా చేసిన రచన సాధారణంగా యజమానిదే. కాని విడిగా ఒప్పందం మీద పనిచేసే వ్యక్తి చేసినది, డబ్బు పుచ్చుకున్నా, ముందుగా అతడిదే. హక్కును యజమానికి బదిలీ చేస్తున్నట్లు అతడు సంతకం చేసిన కాగితం ఉండాలి.

పనిని ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలలో ఉన్నవారికి అప్పగించినప్పుడు ఇంకొక మెలిక ఉంది. భారత కాపీరైట్ చట్టం (1957) ప్రకారం బదిలీ పత్రంలో కాలపరిమితి రాయకపోతే అది 5 ఏళ్ళకే అని, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితమని భావిస్తారు. హామిల్టన్ దుకాణానికి అటువంటి హక్కు వలన ప్రయోజనం స్వల్పం. కనుక శాశ్వతంగా, ప్రపంచమంతటికీ అని స్పష్టంగా రాయించుకోవాలి. మనవాడే కదా అని నోటిమాటతో సరిపెట్టుకుంటే డబ్బుతోపాటు చుట్టరికం కూడా చెడుతుంది.

పని అప్పగించే ముందు

డెవలపరు ఇదివరకు చేసిన రెండు మూడు సైట్లను ఫోనులో తెరిచి చూడడం, వాటి యజమానులతో మాట్లాడడం మొదటి మెట్టు. ఎన్ని పేజీలు, రాతలు ఎవరు సమకూర్చాలి, ఎప్పటికి పూర్తి కావాలి, తరువాతి సవరణలకు ఎంత, ఏటా అయ్యే ఖర్చెంత అన్నవి కాగితం మీదకి రావాలి. సొమ్మును విడతలుగా చెల్లించి, చివరి విడతను పాస్‌వర్డులన్నీ చేతికి అందిన తరువాతే ఇవ్వడం మంచిది.

తెలుగు రాతలుంటే వాటిని బొమ్మలుగా అతికించకుండా యూనికోడ్‌లో పెట్టమని కోరాలి. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగు లిపికి స్థానం లభించింది. అక్షరాలు అక్షరాలుగా ఉంటేనే వెతికేవారికి దొరుకుతాయి. చూపులేని వారికి చదివి వినిపించే పరికరాలకు కూడా అందుతాయి.

తాళం ఎంత గట్టిది?

తాళంచెవులు చేతికి వస్తే సరిపోదని హామిల్టన్ నగరపాలక సంస్థ అనుభవమే చెబుతుంది. 2024 ఫిబ్రవరి 25న దుండగులు నగర కంప్యూటర్ వ్యవస్థలో చొరబడి దాదాపు 80 శాతం స్తంభింపజేసి, సుమారు 1 కోటి 85 లక్షల డాలర్లు కోరారు. నగరం ఆ సొమ్ము చెల్లించలేదు. పునరుద్ధరణకు మాత్రం 1 కోటి 83 లక్షల డాలర్లు ఖర్చయినట్లు 2025లో వెల్లడైంది. పాస్‌వర్డుతోపాటు మరొక రుజువు కోరే రెండంచెల తనిఖీ అన్ని విభాగాలలో అమలు కాలేదన్న కారణంతో బీమా సంస్థ పరిహారం నిరాకరించింది. చిన్న దుకాణానికి ఈ తనిఖీ పెట్టుకోవడం కొద్ది నిమిషాల పని. సైటు నకలును నెలకొకసారి వేరొక చోట భద్రపరచడం కూడా అంతే.

ఇల్లు కట్టించుకునేవారు గోడల రంగు కంటే ముందు స్థలం దస్తావేజులు చూస్తారు. వెబ్‌సైటుకూ అదే క్రమం శ్రేయస్కరం. రంగులు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఊరంతటికీ అలవాటైన పేరు ఒకసారి చేజారితే దానిని తిరిగి సంపాదించడం కష్టం.