తెర మీదే పుట్టే సాహిత్యం

కంప్యూటరో ఫోనో లేకుండా చదవడానికి వీల్లేని కథలు, కవితలు ఉన్నాయి. వాటిని ఎలక్ట్రానిక్ సాహిత్యం అంటున్నారు. అచ్చయిన నవలను స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పెడితే అది ఈ కోవలోకి రాదు. దాన్ని మళ్లీ కాగితం మీదికి దించినా పోయేదేమీ ఉండదు. ఎలక్ట్రానిక్ రచనలో కథ ఏ దారిన సాగాలో పాఠకుడే ఎంచుకుంటాడు. కొన్నిచోట్ల పదాలు చదువుతుండగానే మారిపోతాయి, మరికొన్నిచోట్ల ప్రోగ్రామే వాక్యాలు కూరుస్తుంది. దీన్ని అచ్చు వేస్తే రచనలో సగం మాయమవుతుంది.

ఒక్కో కంప్యూటర్ గదంతా ఆక్రమించే రోజుల్లోనే దీనికి నాంది పడింది. 1952లో మాంచెస్టర్‌లో క్రిస్టఫర్ స్ట్రేచీ రాసిన ప్రోగ్రామ్ ప్రేమలేఖలు అల్లింది. 1961లో ఫ్రెంచి రచయిత రేమో కెనో పద్నాలుగేసి పాదాల పద్యాలు పది రాసి, ఏ పాదం స్థానంలోనైనా మిగతా పద్యాల్లోని అదే వరుస పాదాన్ని పెట్టుకునేలా అచ్చు పుస్తకమే వేయించాడు. అలా నూరు లక్షల కోట్ల పద్యాలు ఏర్పడతాయి. 1987లో మైకేల్ జాయిస్ రాసిన ‘ఆఫ్టర్‌నూన్, ఎ స్టోరీ’ లింకులు పట్టుకుని చదివే కథ. అలాంటి రచనను విశ్వవిద్యాలయ తరగతికి తెచ్చిన తొలివారిలో బ్రౌన్ విశ్వవిద్యాలయంలో బోధించిన నవలాకారుడు రాబర్ట్ కూవర్ ఒకరు. 1999లో అమెరికాలో ఎలక్ట్రానిక్ లిటరేచర్ ఆర్గనైజేషన్ ఏర్పడింది. ఇప్పుడు నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయం ఈ పరిశోధనకు పేరున్న కేంద్రం.

ఒకే రచనను పలు తీరుల చదవడం తెలుగుకు కొత్త కాదు. పదహారో శతాబ్దపు పింగళి సూరన ‘రాఘవపాండవీయం’ రామాయణంగానూ భారతంగానూ చదువుకోవచ్చు. అయితే అక్కడ మారేది అన్వయమే, పద్యంలో ఒక్క అక్షరం కూడా కదలదు. ఎలక్ట్రానిక్ రచనలో పాఠమే మారుతుంది.

అందుకే దీన్ని చదివే పద్ధతి వేరు. ఒకే కథను ఇద్దరు విద్యార్థులు చదివితే ఇద్దరికీ వేర్వేరు ముగింపులు ఎదురుకావచ్చు. ఎక్కడ ఏ దారి ఎంచుకున్నారో రాసుకుంటూ, వెనక్కి వచ్చి మళ్లీ చదవాలి. వెనకనున్న కోడ్‌నూ పరిశీలించాలి. పాఠకుడు ఇలా శ్రమిస్తేనే ముందుకు సాగే రచనల మీద ఎస్పెన్ ఆర్సెత్ 1997లో వెలువరించిన ‘సైబర్‌టెక్స్ట్’ ఈ రంగంలో ముఖ్య గ్రంథం.

ఈ సాహిత్యాన్ని బోధించేచోట చదవడంతో పాటే రాయడం కూడా నేర్పుతారు. 2009లో వచ్చిన ఉచిత సాధనం ట్వైన్‌తో, ప్రోగ్రామింగ్ రానివారు కూడా కొమ్మలు చీలే కథ తయారుచేయవచ్చు. వాక్యాలు అల్లే ప్రోగ్రామ్ రాయాలంటే మాత్రం తెలుగులో వ్యాకరణం అడ్డు తగులుతుంది. ‘చెట్టు’కు ‘కు’ చేర్చితే ‘చెట్టుకు’ అవుతుంది గానీ, ‘ఇల్లు’ ‘ఇంటికి’గా, ‘ఊరు’ ‘ఊరికి’గా మారతాయి. కర్తను మారిస్తే ‘వచ్చాడు’ ‘వచ్చింది’ కావాలి. ఇంగ్లీషులోలా ఒక పదం తీసి మరొకటి పెడితే సరిపోదు. విభక్తులు, సంధులు తెలిసినవారూ కోడ్ రాసేవారూ కలిసి కూర్చోవలసిన పని ఇది. 2008లో ఏర్పడిన కరీంనగర్ శాతవాహన విశ్వవిద్యాలయం, అదే ఏడాది మొదలైన బాసర ట్రిపుల్ ఐటీ ఈ రెండు నైపుణ్యాలకూ ఉత్తర తెలంగాణలో చిరునామాలు.

ముడిసరుకు కూడా ఇక్కడే ఉంది. కవి సినారె పుట్టిన హన్మాజీపేటవాడే ఒగ్గు కథకుడు మిద్దె రాములు. ఒగ్గు కథలో మల్లన్న, బీరప్ప కథలు డోలు, తాళాల మధ్య నడుస్తాయి. పక్కనున్న వంతదారుల మాటను బట్టి, వినేవారి ఊపును బట్టి కథ సాగుతుంది, కుదించుకుంటుంది. కొమ్మలు చీలే కథకు ఇంతకన్నా దగ్గరి నమూనా దొరకదు. కరీంనగర్ జిల్లా గంగాధర మండలం కురిక్యాల దగ్గరి బొమ్మలమ్మ గుట్ట మీద కన్నడ కవి పంపని తమ్ముడు జినవల్లభుడు సుమారు 945లో చెక్కించిన శాసనం సంస్కృత, కన్నడ, తెలుగు భాషల్లో ఉంది. అందులోని తెలుగు భాగం కంద పద్యాలు. ఫోన్‌లోని జీపీఎస్ ఆధారంగా, ఆ చోట నిలబడితేనే తెరుచుకునే రచనకు ఇది తగిన స్థలం.

ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలది మరో సంగతి. అక్కడ దొరికిన గోండి రాతప్రతులను సుమారు 1750 నాటివని పండితులు అంచనా వేశారు. అవి దొరికేనాటికి ఆ లిపి చదవగలిగినవారు కొద్దిమంది పెద్దలే. హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వాటిని అధ్యయనం చేశారు. లిపుల్లోని ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య కేటాయించే ప్రమాణం యూనికోడ్. 2018లో దాని 11.0 కూర్పులో గుంజాల గోండి లిపి చేరింది. అక్షరానికి సంఖ్య దక్కితేనే ఆ లిపిలో వెతకడం, పంపడం, కథకు లింకులు కలపడం సాధ్యమవుతాయి.

ఈ చదువులో చివరి అంశం భద్రపరచడం. 2020 డిసెంబరు 31తో అడోబీ ఫ్లాష్‌కు మద్దతు ఆగిపోయాక దాని మీద ఆధారపడిన ఎన్నో రచనలు తెరుచుకోవడం మానేశాయి. తెలుగు డీటీపీలో ఏళ్లుగా వాడిన అను ఫాంట్లదీ ఇలాంటి చిక్కే. అవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీద తెలుగు బొమ్మలు పెట్టేవి కాబట్టి, ఆ ఫాంట్ లేనిచోట పాఠం పిచ్చిగీతల్లా కనిపిస్తుంది. కాబట్టి విద్యార్థి తన రచనను యూనికోడ్‌లో రాయాలి. దానితోపాటు కోడ్‌ను, వాడిన సాధనాల వివరాలను, ఎవరైనా చదువుతుండగా తీసిన వీడియోను కూడా దాచిపెట్టాలి. రేపు సాఫ్ట్‌వేర్ మారినా, ఆ రచన ఎలా నడిచేదో తెలుసుకోవడానికీ మళ్లీ నిర్మించడానికీ ఇవే ఆధారం.